గ్రామమున మధుమేహ మందుల దుకాణము

ఒక్క ఇన్సులిను సీసా కొరకు ఒకనాటి కూలి మానుకొని పట్నము పోవలసినవారు మన పల్లెలలో పెక్కుమంది గలరు. భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము దేశమున మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్లకు మించినది. ఊరిలోనే ఒక దుకాణము వెలసినచో మేలే. కాని ఇది ఉప్పు పప్పులవలె అమ్మదగిన సరకు కాదు.

లైసెన్సు: 1940 నాటి ఔషధముల చట్టము క్రింద లైసెన్సు లేనిదే మందులు అమ్మరాదు. ఇన్సులిను షెడ్యూలు 'సి'లో చేరినది గనుక 20, 21 ఫారముల లైసెన్సులు రెండును ఉండవలెను. రిజిష్టరైన ఫార్మసిస్టు, 10 చదరపు మీటర్లకు తగ్గని స్థలము, రిఫ్రిజిరేటరు అవసరము.

చలువ: తెరువని ఇన్సులినును 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చలువలో ఉంచవలెను. గడ్డకట్టిన మందు పనికిరాదు. ఎండకు తగిలినదియు బలము కోల్పోవును. కంటికి మార్పు తెలియకపోవచ్చును. రోగి రోజూ సూది వేసికొనుచునే యుండును, చక్కెర మాత్రము తగ్గదు. కావున దుకాణదారుడు రిఫ్రిజిరేటరులో ఉష్ణమాపకము నుంచి ఉదయము, సాయంకాలము పుస్తకమున వ్రాయవలెను. కరెంటు పోయిన వేళకు ఏర్పాటు ముందే చేసికొనవలెను.

సిరంజి: సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి అని రెండు విధములు. 40కి ఎఱ్ఱ మూత సిరంజి, 100కి నారింజరంగు మూత సిరంజి. 20 యూనిట్లు తీసికొనవలసిన రోగి, 40 యూనిట్ల సీసానుండి నారింజ మూత సిరంజితో 20 గీత వరకు లాగినచో వచ్చునది 8 యూనిట్లే. 100 యూనిట్ల మందును ఎఱ్ఱ మూత సిరంజితో లాగినచో 50 యూనిట్లు వచ్చును. అది ప్రాణమునకే ముప్పు. సీసాకు తగిన సిరంజి చేతికిచ్చి చూపుట అమ్మకందారుని ధర్మము.

సరకు లెక్క: 40 యూనిట్ల రకపు 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు ఉండును. రోజుకు 30 యూనిట్లు వాడు రోగికి నెలకు 900 యూనిట్లు, అనగా 3 సీసాలు కావలెను. అట్టి రోగులు పదిమంది యున్నచో 30 సీసాలు. ఒక్కసారే తెచ్చుటకంటె నెలకు రెండుసార్లు తెచ్చుట మేలు. పెట్టుబడి చిక్కుకొనదు, గడువు దాటదు. గడువు ముందు తీరు సరకు ముందు అమ్మవలెను. చక్కెర పరీక్ష పట్టీల డబ్బా మూత బిగించి, తేమ తగులకుండ ఉంచవలెను. ముద్రించిన గరిష్ఠ ధరకు మించి వసూలు చేయరాదు. బిల్లు తప్పక ఇవ్వవలెను.

పంచాయతీ కర్తవ్యము: దుకాణమునకు తగిన గది చూపవచ్చును, కరెంటు కష్టములను విద్యుత్ శాఖకు తెలుపవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా దొరకు మందులేవో విచారించి ప్రజలకు చెప్పవలెను. వాడిన సూదులు పెంటకుప్పపై పడకుండ, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో చేర్చి ఆరోగ్య కేంద్రము సలహాతో పంపు ఏర్పాటు చేయవలెను. గడువు తీరిన మందు అమ్మినచో ఔషధ తనిఖీ అధికారికి ఫిర్యాదు చేయవలెను.

చర్చకు ప్రశ్నలు: మీ గ్రామమున ఇన్సులిను వాడువారు ఎందఱు? వారికి సీసా ఎంత దూరమునుండి వచ్చుచున్నది? దారిలో చలువ ఎట్లు నిలుచుచున్నది?