గ్రహణీ వ్యాధి – ప్రేగులలోని సూక్ష్మజీవులు

మన ప్రేగులలో సూక్ష్మజీవులు కాపురముండునని వినగానే చాలమంది గృహిణులు ఉలికిపడుదురు. అంత భయము అక్కరలేదు. ఒక మనిషి దేహములో దాదాపు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులుండునని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. వానిలో అత్యధిక భాగము పెద్దప్రేగులోనే ఉన్నవి. అవి మనకు అరగని పీచును పులియబెట్టి ప్రేగు గోడలకు పోషణనిచ్చును. శత్రు క్రిములకు చోటు లేకుండ చేయును. కలరా, టైఫాయిడ్ క్రిములు నీటితో లోనికి ప్రవేశించినపుడు, లేక చిన్నప్రేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరిగినపుడు చిక్కు వచ్చును.

ఈ రెండవ చిక్కుకు సంబంధించినదే "ట్రాపికల్ స్ప్రూ". దీని కారణము పూర్తిగా తేలకున్నను, చిన్నప్రేగులో సూక్ష్మజీవుల పెరుగుదలకు ఇందులో పాత్ర కలదని వైద్యుల అభిప్రాయము. ప్రేగు లోపలి సన్నని నూగు అణగిపోయి, తిన్న ఆహారము ఒంటబట్టదు. జిడ్డు విరేచనములు, నాలుక పూత, రక్తహీనత, కృశించుట దీని లక్షణములు.

చరక సంహిత చికిత్సా స్థానము 15వ అధ్యాయములో గ్రహణీ రోగము వర్ణింపబడినది. ఆహారము అరగకయే ఒకమారు పలుచగా, ఒకమారు గట్టిగా వెడలుట అందు చెప్పిన లక్షణము. స్ప్రూ, గ్రహణి పూర్తిగా ఒకటేయని నేననను. పోలిక మాత్రము స్పష్టము.

మన డెల్టా బిడ్డ

1895లో భీమవరములో జన్మించి, రాజమండ్రిలో కొంతకాలము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇద్దరు సోదరులను ఈ స్ప్రూ వలననే పోగొట్టుకొనిరి. తామును ఆ వ్యాధికి గురియైరి. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికా వెళ్ళిరి. అక్కడ లెడర్లీ సంస్థలో వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. 1948లో, వారు మరణించిన సంవత్సరముననే, ఆ ప్రయోగశాలలలో డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెలుగుచూచినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. నేటికిని స్ప్రూకు ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్‌లనే వైద్యులు వాడుచున్నారు.

ఇంట పాటింపవలసినవి

1. కాలువ నీరు, చెరువు నీరు త్రాగు ఇండ్లలో చిల్లగింజ అరగదీసి నీటిని తేర్చుట పెద్దల అలవాటు. దానివలన మడ్డి దిగును కాని క్రిములు చావవు. తేరిన నీటిని తెర్లకాచి, మూతపెట్టి, చేయి ముంచక కాడ ఉన్న గరిటెతో తీసికొనవలెను.

2. గ్రహణికి మజ్జిగను చరకుడు మిక్కిలి ప్రశంసించెను. నాటి తోడుపెట్టిన తాజా పెరుగును చిలికి, వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి, శొంఠి చిటికెడు చొప్పున కలిపి భోజనానంతరము పుచ్చుకొనవచ్చును. ఇది పథ్యము, మందుకు బదులు కాదు.

3. విరేచనములగు బిడ్డకు నీరిచ్చిన అవి హెచ్చునని మాన్పించు తల్లులు నా వద్దకు ఇప్పటికిని వచ్చుచున్నారు. ప్రాణము తీయునది నీరు తరిగిపోవుటయే. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సరిగా కొలిచి కలిపి, కొద్దికొద్దిగా త్రాగించవలెను. తల్లిపాలు మాన్పరాదు.

4. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు మ్రింగరాదు. అవి మేలుచేయు సూక్ష్మజీవులను కూడ చంపి, మరల విరేచనములు కలిగించవచ్చును. వైద్యుడు వ్రాసినచో చెప్పినన్ని దినములు వాడవలెను.

మలములో రక్తము, తీవ్ర జ్వరము, కన్నులు లోతుకుపోవుట, మూత్రము తగ్గుట కనిపించినచో ఇంటి వైద్యముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. పక్షము దినములు దాటిన విరేచనములకు, ఒళ్ళు తరిగిపోవుటకు పరీక్షలు తప్పవు. ఆయుర్వేద వైద్యుడనైన నేనును నా రోగులకు ఇదే చెప్పుచుందును.