అన్న నా అరచేతిలో రాసిన అక్షరం

కళ్యాణదుర్గం



నిన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా అక్కకు, అంటే మీ అమ్మకు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని, త్వరలో డయాలసిస్ మొదలుపెట్టాల్సి రావచ్చని డాక్టరు అన్నాడన్నావు. చివర్లో గొంతు తగ్గించి, "అమ్మకు ఇవేం తెలియనీయొద్దు మామా, మనమే చూసుకుందాం" అన్నావు. ఆ మాట నన్ను తెల్లవార్లూ నిద్రపోనీలేదు. అమ్మకు తెలియకుండా అమ్మ గురించి ఏదీ తేల్చొద్దు నాయనా.

మీ నాయన వేయించిన బోర్లు నీకు గుర్తుండాలి. నువ్వు అప్పుడు ఆరో తరగతి. మూడు బోర్లు ఎండిపోయాయి. నాలుగోదానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూసే ఆయన్ను పిలిపించినాడు. రాత్రంతా రిగ్గు లారీ మోగుతానే ఉంది. ఐదువందల అడుగులు దాటినా తెల్లటి రాతిదుమ్ము లేస్తోందే గాని తడి లేదు. "ఇంకో ఇరవై అడుగులు" అంటాడు మీ నాయన. అవి అయినాక మళ్ళీ ఇంకో ఇరవై. తెల్లారుజామున మీ అమ్మ చెంగుతో ముక్కు మూసుకుని లారీ దగ్గరికి నడిచొచ్చి, "చాలు, ఆపండి" అంది. ఆ మాట అనే ధైర్యం అక్కడున్న మగవాళ్ళం ఎవరికీ లేకపోయింది. అట్లాంటి మనిషికి ఆమె ఒంటి సంగతి తెలియనీయొద్దంటావా?

మా పెద్దన్న విషయం నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఊపిరాడక ఒక పెద్దాసుపత్రిలో చేర్చాం. వెంటిలేటరు మీద పదకొండు రోజులు ఉన్నాడు. గొట్టం పీకేసుకుంటాడని రెండు చేతులూ గాజుగుడ్డతో మంచం కడ్డీకి కట్టినారు. తొమ్మిదోనాడు పొద్దున మత్తు కాస్త తగ్గించినప్పుడు నన్ను లోపలికి పంపినారు. కట్టు కొంచెం వదులు చేసి నా చెయ్యి ఆయన వేళ్ళ కింద పెట్టినా. చూపుడువేలితో నా అరచేతిలో రాసినాడు. 'ఇ' తెలిసింది. పక్కన సున్న తెలిసింది. తర్వాత వేలు జారిపోయింది. ముప్పై రెండేళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దించిన నాకు అన్న రాసింది చదవడం చేతకాలేదు. 'ఇంటికి' అన్నాడో, 'ఇంక చాలు' అన్నాడో, 'ఇంకొన్నాళ్ళు' అన్నాడో ఈరోజుకీ తెలియదు. డాక్టరు అడిగినప్పుడల్లా మేం "చెయ్యండి" అన్నాం. కాదంటే అన్నను మేమే చంపినట్టవుతుందని భయం. ఆయన బాగున్న రోజుల్లో ఒక్కసారి అడిగి ఉంటే మాకా భయం ఉండేది కాదు.

అందుకే డాక్టరు దగ్గరికి అమ్మను వెంటబెట్టుకుని పో. ఎన్నాళ్ళు బతుకుతుందని మాత్రమే అడగొద్దు, ఆ రోజులు ఎట్లా గడుస్తాయని అడుగు. డయాలసిస్ మీద ఏళ్ళ తరబడి బాగా బతికేవాళ్ళున్నారు, నేను వద్దనడం లేదు. కానీ వారానికి రెండు మూడుసార్లు మంచం మీద నాలుగు గంటలు, రానుపోను బస్సు, ఇంటికొచ్చాక నీరసం ఉంటాయి. డబ్బు సంగతంటావా, ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. డెబ్బై నిండినవాళ్ళకు ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. కొన్నాళ్ళు చేయించుకుని చూసి, పడకపోతే ఆపే దారి కూడా ఉందని ఆమెకు చెప్పాలి. అసలు మొదలుపెట్టకుండా ఆయాసానికి, దురదకు, వాంతులకు మందులిచ్చి చూసుకునే పద్ధతీ ఒకటుంది. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. చేతులెత్తేయడమని మనవాళ్ళు అనుకుంటారు గాని, కాదు. జబ్బు నయం కాకపోయినా మనిషి బాధ తగ్గించడమే ఒక వైద్యం. కేరళలో 1993లో కోళికోడులో కొందరు డాక్టర్లు మొదలుపెడితే, తర్వాత ఊళ్ళోవాళ్ళే నేర్చుకుని ఇళ్ళకు పోయి పుండ్లు కడిగి, కట్టు కట్టే పని అయింది. మన వైపు అంత లేదు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంది. ఇంకా రావాలి, అడిగితేనే వస్తుంది. క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ మాత్ర ఉండి కూడా 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల చాలా ఊళ్ళలో దొరకలేదు. 2014లో చట్టం సడలించినారు. అయినా మన పల్లెల్లో ముసలివాళ్ళు పళ్ళు బిగబట్టుకునే పోతున్నారు. దీనికి నాకు చాలా కోపం.

ఇక కాగితం సంగతి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమే అని తీర్పు ఇచ్చింది. స్పృహ ఉన్నప్పుడే "నేను కోలుకునే ఆశ లేనప్పుడు, చెప్పుకోలేని స్థితిలో ఉన్నప్పుడు నన్ను యంత్రాల మీద ఉంచొద్దు" అని రాసిపెట్టుకోవచ్చు. లివింగ్ విల్ అంటారు. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, అది ఎవరివల్లా కాలేదు. 2023 జనవరి 24న సులువు చేసినారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. మన తరఫున మాట్లాడే మనుషుల పేర్లు అందులో రాయాలి. ఆసుపత్రిలో రెండు డాక్టర్ల బోర్డులు చూసి ఒప్పుకుంటేనే అది అమలవుతుంది. సూది వేసి చంపడం ఇప్పటికీ నేరమే, దానికీ దీనికీ సంబంధం లేదు. మనసు మారితే కాగితం మార్చుకోవచ్చు. నువ్వుండే కర్ణాటకలో 2025 జనవరిలో ప్రభుత్వమే దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. భూమి వీలునామాతో దీన్ని కలపొద్దు. రెండూ ఒకే రోజు తీస్తే ఆస్తి కోసం అడుగుతున్నావని అక్క అనుకుంటుంది.

కాగితం ముందు తీయొద్దు. ఎదురుగా కూర్చుని, ముఖం చూస్తూ కూడా అడగొద్దు. విత్తనం కాయలు ఒలిచే రోజుల్లో రా. చాటలో చెయ్యి పెట్టి ఆమె పక్కన కూర్చో. అక్క చూపు కాయల మీద ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. "పెద్దమామ అన్నాళ్ళు ఆసుపత్రిలో ఉన్నాడు కదమ్మా, నీకైతే ఎట్లా ఉండాలనుంది?" అని అడుగు. అడిగి ఊరుకో. ఆమె కోప్పడొచ్చు, "నన్ను అప్పుడే సాగనంపుతున్నావా?" అనొచ్చు. ఏడవొచ్చు. నువ్వు మాత్రం "అట్లా మాట్లాడొద్దమ్మా" అని నోరు మూయించొద్దు. ఇంట్లో, మన వేపచెట్టు గాలి తగిలేచోట పోవాలంటుందో, చివరిదాకా అన్నీ చేయించమంటుందో, ఏదైనా సరే. అన్నీ చేయించమంటే చేయిద్దాం, నేనూ వచ్చి తోడుంటా. ఆమె మాటను ఆమె మాటల్లోనే నీ చెల్లెలికి కూడా చెప్పు. అమెరికాలో ఉండి ఆఖరి రోజు విమానం దిగి "ఎందుకు చేయించలేదు" అని పోట్లాడేది దూరాన ఉన్న పిల్లలే.

నాకు డెబ్బై ఒకటి. నా కాగితం రాసుకున్నాను. సాక్షులుగా నాతో పనిచేసిన ఇద్దరు అయ్యవార్లు ఒప్పుకున్నారు. వచ్చే వారం నోటరీ దగ్గరికి పోతున్నాం. నా తరఫున మాట్లాడేవాళ్ళ చోట మా పెద్దోడి పేరు రాసినా. వాడిది మెత్తటి మనసు, ఒక్కడే అయితే "ఇంకో ఇరవై అడుగులు" అంటాడు. వాడి పేరు కింద నీ పేరు రాయాలని ఉంది. నువ్వు సరేనంటేనే. శనివారంలోగా ఫోన్ చెయ్యి.

మీ మామ