హారియెట్టు కొండమీది సూర్యాస్తమయము

భూగోళమును, చరిత్రను, గణితమును మూడు వేర్వేఱు గంటలలో బోధించుట మన పాఠశాలల వాడుక. గంట మ్రోగినతోడనే ఒక పుస్తకము మూసి మఱియొకటి తెఱతుము. అందుచేత ఒకే విషయము మూడు ముక్కలై, ఏ ముక్కయు విద్యార్థి మనస్సున నిలువకున్నది. ఈ వ్యాసమున మేము ఒక దీవిని, అందలి ఒక కొండను, ఆ కొండమీదికి ఒక సాయంకాలము సాగిన చిన్న యాత్రను దీసికొని, మూడు పుస్తకములను ఒక్కసారిగా తెఱచి చూడదలచితిమి. ఆ కొండ అండమాను దీవులలోనిది. ఆ సాయంకాలము 1872 ఫిబ్రవరి 8వ తేది, గురువారము. యాత్రకు వెళ్లినవాడు హిందూదేశపు వైస్రాయి లార్డు మేయో. వెళ్లినది సూర్యాస్తమయమును చూచుటకు.

అండమాను దీవులు బంగాళాఖాతమున మనకు ఆగ్నేయముగా నున్నవి. 1858 మార్చి నెలలో ఇంగ్లీషువారు అక్కడ ఖైదీల నివాసము నెలకొల్పిరి. దాని ముఖ్యపట్టణమైన పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. ఆ రేవునకు ఉత్తరపు ఒడ్డున హోపుటౌను అను చిన్న పల్లె యుండెను; దాని వెనుకనే అడవితో గప్పబడిన హారియెట్టు కొండ. 1862 మొదలు 1864 వఱకు అక్కడ అధికారిగా నుండిన టైట్లరు దొర భార్య పేరు హారియెట్టు. ఆమె పేరే కొండకు వచ్చినది. 1891లో ఇంగ్లీషువారితో పోరి ఓడిన మణిపూరు రాజవంశీయుడు కులచంద్రుడును, ఆయన అనుచరులును ఈ దీవికి పంపబడిరి. వారి జ్ఞాపకార్థము 2021లో ఈ కొండను మణిపూరు పర్వతమని పిలువసాగిరి. మనము చెప్పుకొనునది పాతదినముల సంగతి గనుక పాతపేరునే వాడుదము.

అండమానన్నతోడనే విద్యార్థులకు సెల్యులర్ జైలు స్ఫురించును. అది 1906లో పూర్తియైనది. లార్డు మేయో వచ్చిన నాటికి దానికి పునాదియైన లేదు. అప్పటి ఖైదీలలో పలువురు పగటివేళ దీవిలో తిరుగుచు, అడవులు నఱుకుచు, దారులు వేయుచు నుండెడివారు. ఈ సంగతి మఱచినయెడల ముందు జరిగినది బోధపడదు.

వైస్రాయి ఆనాడు పగలంతయు దీవులలోని నివాసములను తనిఖీ చేసెను. సాయంకాలము సుమారు అయిదు గంటలకు పని ముగిసెను. ఇంకను ఒక గంట వెలుతురున్నది గదా యని ఆయనకు హారియెట్టు కొండమీదికి వెళ్లవలెనని తోచెను. రోగులకు ఆరోగ్యస్థానముగా ఆ కొండ పనికివచ్చునా యని చూచుట ఒక కారణము; అస్తమయమును చూచుట రెండవది. చిన్న పరివారముతో పడవలో హోపుటౌనునకు దాటి, కొండ యెక్కి, శిఖరమున కూర్చుండి కొన్ని నిమిషములు పడమటి దిక్కున సముద్రముమీద సూర్యుడు దిగుట చూచెను. పిమ్మట దివిటీల వెలుతురున దిగివచ్చిరి. రేవుకట్టమీద, పడవకు కొన్ని అడుగుల దూరమున, షేర్ అలీ యను ఖైదీ చీకటిలోనుండి దూకి వెనుకనుండి ఆయనను కత్తితో పొడిచెను. వైస్రాయి నీటిలో పడెను. పైకి దీసిన కొద్దిసేపటికే ప్రాణము పోయెను. ఆ పదవిలో నుండగా చంపబడిన వైస్రాయి ఆయన యొక్కడే.

ఇంతవఱకు చరిత్ర పుస్తకము చెప్పును. ఇక గడియారమును చూతము.

నేడు అండమానులో ఫిబ్రవరి 8వ తేదిని సూర్యుడు సుమారు 5 గంటల 23 నిమిషములకు అస్తమించును. అయిదు గంటలకు రేవుకు ఆవలనున్నవారు పడవలో దాటి, వెయ్యి అడుగులకు పైబడిన కొండను 23 నిమిషములలో నెక్కగలరా? ఎక్కలేరు. చరిత్రకారులు తప్పు వ్రాసిరా? అదియును గాదు. చిక్కంతయు గడియారముదే. నేడు మనదేశమంతటికి ఒకే కాలము. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి యేర్పడినది. 1906 జనవరి 1వ తేదినుండి వాడుకలోనికి వచ్చినది. అంతకుముందు ఊరూరికిని తన సూర్యునిబట్టి తన గడియారముండెడిది. పోర్టుబ్లెయిరు ఇంచుమించు 92¾ డిగ్రీలలో నున్నది. వ్యత్యాసము 10¼ డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున 41 నిమిషములు. 5 గంటల 23 నిమిషములకు ఈ 41 కలుపగా 6 గంటల 4 నిమిషములగును. ఇంకను ఒక గంట వెలుతురున్నదని వైస్రాయి తలచుట ముమ్మాటికి నిజమే! ఒక్క గుణకారముచేత పాతకాలపు మాట సరియని తేలినది. చరిత్రను చదువువారికి గణితమెందుకని అడుగు విద్యార్థులు ఈ లెక్కను తమ చేతులతో వేసి చూడవలెను.

మన రాయికోడులో అదే దినమున సూర్యాస్తమయము సుమారు 6 గంటల 16 నిమిషములకు. మనము ఇంచుమించు 78వ డిగ్రీలో నున్నాము. పోర్టుబ్లెయిరు 93వ డిగ్రీకి దగ్గఱగా నున్నది. పదునైదు డిగ్రీలకు సరిగా ఒక గంట తేడా యుండవలెను. కాని యున్నది 53 నిమిషములే. తక్కిన 7 నిమిషములు ఏమైనవి? అండమాను మనకంటె భూమధ్యరేఖకు దగ్గఱ. చలికాలమున అక్కడి పగలు మన పగటికంటె కొంత పొడవు. అందుచేత సూర్యుడు మనము ఎదురుచూచిన దానికంటె ఆలస్యముగా అస్తమించును. రేఖాంశము ఒక్కటే చాలదు, అక్షాంశమును గూడ అడుగవలెననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు దొరకలేదు.

ఇపుడు కొండమీదికి పోదము. అంత కష్టపడి యెక్కనేల? ఒడ్డున కూర్చుండి చూచినయెడల అదే సూర్యుడు గాడా? ఇక్కడ ఒక వింత యున్నది. మన జహీరాబాదు, రాయికోడు ప్రాంతపు నేల సముద్రమట్టమునకు 1,700 అడుగులకు పైననే యున్నది. అనగా హారియెట్టు కొండకొనకంటె మన జొన్నచేలే యెత్తు! అయినను మనకు కొండమీద నున్నట్లు తోచదు. ఏలయన మన చుట్టునున్న నేలయు అంతే యెత్తున నున్నది. చూపునకు కావలసినది సముద్రమునుండి యెత్తు గాదు, చుట్టుపట్ల తలమునుండి యెత్తు. దీవిలోని కొండకు ఆ చుట్టుపట్ల తలము సముద్రమే గనుక ప్రతి అడుగును లెక్కకు వచ్చును.

ఆ యెత్తునుండి దిగంతము సుమారు 40 మైళ్ల దూరమునకు జరుగును. చూపునకు ఇంచుమించు అరడిగ్రీ క్రిందికి దిగును. సూర్యబింబపు వెడల్పును అరడిగ్రీయే. కాబట్టి ఒడ్డుననున్నవాని కన్నులకు బింబము పూర్తిగా మునిగిన క్షణమున, శిఖరమున నున్నవానికి దిగంతము మఱుగు లేనియెడల పూర్ణబింబము నీటిని తాకుచు కనబడును. అతనికి మఱి రెండు నిమిషములకు పైగా సూర్యుడు మిగిలి యుండును. ఒకే దినమున రెండు అస్తమయములు చూడవలెననిన, ఒడ్డున ఒకటి చూచి గాలికంటె వేగముగా కొండ యెక్కవలెను!

ఇంకొక సంగతి. దిగంతమును తాకుచున్నట్లు కనబడు సూర్యుడు నిజముగా అప్పటికే దానికి దిగువనున్నాడు. గాలి పొరలు కిరణములను వంచి ఆ బింబమును మనకు చూపుచున్నవి. అడుగుభాగమును ఎక్కువగాను, పైభాగమును తక్కువగాను ఎత్తుటచేతనే బింబము నొక్కిన ముద్దవలె కనబడును. ఎఱుపు రంగునకు కారణము ఏమన, వాలుగా వచ్చు కిరణము ఎక్కువ గాలిని దాటవలసి వచ్చి, నీలివెలుగు దారిలోనే చెదరిపోయి, ఎఱుపు మిగులుట. ఈ చెదరుటయొక్క సూత్రమును ర్యాలీ పండితుడు ప్రకటించినది 1871లో. లార్డు మేయో కొండ యెక్కుటకు ఒక్క సంవత్సరము ముందు.

సూర్యాస్తమయమును వర్ణించు కవులు కొండ దిగుటను వర్ణింపరు. ఉపాధ్యాయుడు ఆ పని చేయక తప్పదు. ఉష్ణమండలమున సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగును. అందుచేత సంధ్య పొట్టిది. అస్తమయము పిమ్మట ఇరువది, ఇరువదియైదు నిమిషములవఱకే అడవిదారి కనబడును. లార్డు మేయో జన్మభూమియైన ఐర్లండులో వేసవి సంధ్య దీనికి రెట్టింపునకు మించి నిలుచును. అట్టి సంధ్యకు అలవడినవారు మన సంధ్యను నమ్ముకొనరాదు. ఆనాడు 6 గంటల 4 నిమిషములకు అస్తమయము. ఆఱున్నరకు దారి మాయము. రేవు చేరునప్పటికి ఏడు.

మఱి వెన్నెల? పంచాంగమును వెనుకకు లెక్కించి చూడగా అది ప్రజోత్పత్తి సంవత్సరము, పుష్యమాసపు చివర. అమావాస్య ఆ మఱునాడే, ఫిబ్రవరి 9వ తేది. అనగా ఆ రాత్రి చంద్రుడు లేడు. దివిటీలు పట్టినవారికి దివిటీ చుట్టును వెలుగు, దానికి ఆవల మఱింత చీకటి. చీకటిలో నున్నవానికి మాత్రము దివిటీ నడుమ నడచువారు స్పష్టముగా కనబడుదురు. షేర్ అలీ పెషావరున ఇంగ్లీషువారి కొలువులో నుండినవాడు. ఒక హత్యానేరమునకు 1867లో ఉరిశిక్ష పడగా అది ద్వీపాంతరవాసముగా మార్పబడినది. దీవిలో క్షురకవృత్తి చేసికొనుచు, తిరుగుటకు సెలవు పొందియుండెను. కొండదారిలోను అతడు పొంచియుండెనని చెప్పుదురు. అక్కడ కావలివారు చుట్టును ఉండుటచేత సమయము చిక్కలేదు. రేవుకట్టమీద అధికారి ఏదో ఉత్తరువిచ్చుటకు ప్రక్కకు తొలగినపుడు, వైస్రాయి పరివారముకంటె ముందు అడుగువేసెను. ఆ క్షణమే చాలినది. అతనిని ఆ మార్చి నెలలో వైపరు దీవిలో ఉరితీసిరి.

హత్యను మేము మెచ్చము. కాని ఆ సాయంకాలపు కథను చదువు విద్యార్థి మఱియొక ప్రశ్న వేసికొనవలెను: ఆ సూర్యాస్తమయమును ఆనాడు ఇంకెవరు చూచుచుండిరి? 1857 జులై 17వ తేదిని హైదరాబాదు కోఠిలోని రెసిడెన్సీమీద తుర్రెబాజ్ ఖానుతోగూడి దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీను 1859లో ఈ దీవులకే పంపబడెను. వైస్రాయి వచ్చునప్పటికి ఆయన ఇంకను అక్కడనే యుండెను. విడుదల గాక అక్కడనే మరణించెను. హైదరాబాదు పడమరగా నున్నది. అస్తమించు సూర్యుని చూచినపుడెల్ల ఆయన చూపు తన ఊరివైపే యుండినదన్నమాట. ఇది కల్పన గాదు, దిక్కుల పటము చెప్పు సంగతి. అటుపిమ్మట మన్యపు పోరాటమున అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాము మల్లుదొరయు అండమానునకు పంపబడెను. ఆయన తిరిగివచ్చి 1952లో మొదటి లోకసభకు ఎన్నికయ్యెను.

నేడు అండమాను మనకు అన్యదేశము గాదు. 2011 జనగణన ప్రకారము అక్కడ నూటికి పదుముగ్గురు తెలుగు మాటలాడువారు. వారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వెళ్లినవారు పలువురు. విశాఖనుండి ఓడలును నడచుచున్నవి. హారియెట్టు కొండ ఇపుడు అటవీశాఖవారి రక్షణలోనున్న జాతీయవనము. ఛాతాం రేవున పడవ నెక్కి బాంబూఫ్లాటులో దిగి, అక్కడినుండి రోడ్డున వెళ్లుదురు. వనమునకు తమ వేళలున్నవి గనుక అస్తమయమును చూడగోరు యాత్రికులు ఎక్కువగా పట్టణమునకు దక్షిణమున 25 కిలోమీటర్ల దూరముననున్న చిడియాటాపునకు పోవుదురు. కొండకు వెళ్లలేనివారు పెద్దలయొద్ద పాత ఎఱ్ఱని ఇరువది రూపాయల నోటును అడిగి వెనుకకు త్రిప్పి చూడవచ్చును. అందలి కొబ్బరిచెట్లును, సముద్రమును ఈ కొండమీదినుండి కనబడు దృశ్యమే. 2019లో వచ్చిన క్రొత్తనోటుమీద ఎల్లోరా గుహలున్నవి.

ఏ కొండకైనను విద్యార్థులను దీసికొనిపోవు ఉపాధ్యాయులకు మా మనవి యొకటి. లెక్కను క్రిందినుండి పైకి గాక, పైనుండి క్రిందికి వేయవలెను. మొదట అస్తమయమెన్నడో పంచాంగమున చూడుడు. దానికి ఇరువది నిమిషములు చేర్చుడు. ఆ వేళకు చివరి విద్యార్థి దారి కొసన ఉండవలెను. దిగుటకు పట్టు కాలమును దానినుండి తీసివేయుడు. వచ్చిన ఫలము అస్తమయమునకు ముందైనచో, సూర్యుడింకను మిగిలియుండగనే లేవవలసినదే. చిన్న జట్టుగా, పదిమందికి మించకుండ పోవుట మేలు. చీకటిలో లెక్కపెట్టుటకు అంతకుమించినవారు వీలుపడరు. తిథియును చూడవలెను. శుక్లపక్షపు దశమి మొదలు పౌర్ణమి వఱకు వెన్నెల తోడుండును.

ఇక అభ్యాసము. వచ్చు ఫిబ్రవరి 8వ తేదిని, మబ్బు లేనియెడల, ఉన్నతవర్గపు విద్యార్థులు పడమర మఱుగులేని చోట నిలిచి, సూర్యుని పై అంచు మునిగిన నిమిషమును వ్రాసికొనవలెను. సూర్యుడు మునుగువఱకు ఱెప్పవేయక చూడరాదు. వచ్చినది 6 గంటల 16 నిమిషములకు ఎంత తక్కువో, ఎంత ఎక్కువో, అందుకు ఏ చెట్టుగాని ఏ మెట్టగాని కారణమో క్రింద వ్రాసి, మఱునాడు తరగతికి తేవలెను.