బాబు మందుల ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మా ఆయన గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడు. రెండేళ్లుగా విడిగా ఉంటున్నాం, విడాకులు కాలేదు. బాబుకు ఆయాసం. బట్టలు కుట్టి మందులు కొంటున్నాను. అడిగితే "నీ దగ్గరే ఉన్నడు కదా, నువ్వే చూస్కో" అంటున్నడు.
– ఒక తల్లి, బెల్లంపల్లి

జవాబు: ఆ మాట కోర్టులో నిలవదమ్మా. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం పోషణ అంటే తిండి, బట్ట, ఇల్లు, చదువుతో పాటు వైద్యం కూడా. బాధ్యత ఇద్దరిదీ. అంటే చెరిసగం అని కాదు. నెలజీతమూ కుట్టుమిషనూ ఒకే బరువు మోయలేవు కదా!

ముందు ఒక పని చేయండి. కంపెనీ వైద్యానికి ఆయన రాసిచ్చిన కుటుంబ సభ్యుల్లో బాబు పేరుందో లేదో కనుక్కోండి. మీరు విడిగా ఉన్నంతమాత్రాన వాడు ఆయన కొడుకు కాకుండా పోడు.

ఆయన దారికి రాకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత 125) కింద మనోవర్తి కేసు వేయండి. గోదావరిఖని దాకా తిరగక్కర్లేదు, మీరుండే చోటే వేయొచ్చు. ఆయనకు నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర భృతి తేల్చాలని చట్టం చెబుతోంది. రజనీష్–నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు, ఇద్దరూ ఆదాయం, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలనీ, దరఖాస్తు తేదీ నుంచే భృతి లెక్కించాలనీ చెప్పింది. నెలవారీ మందులకు ఎంతవుతుందో, ఆసుపత్రిలో చేరిస్తే ఆయన వాటా ఎంతో దరఖాస్తులో విడివిడిగా రాయించండి.

మందుల షాపు రసీదుల మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. కొన్నరోజే ఫోన్‌లో ఫొటో తీసి, డాక్టరు చీటీతో కలిపి దాచండి. వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.