టైపుల కాపీలతో నిండిపోతున్న మెమరీ

ప్రశ్న: ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా రస్ట్‌లో చిన్న కంపైలర్ రాస్తున్నాం. టైప్ చెకింగ్ మొదలవగానే మెమరీ వాడకం విపరీతంగా పెరుగుతోంది. ప్రొఫైలర్‌లో ఎక్కువగా క్లోన్ కాల్సే కనిపిస్తున్నాయి. ‘ఆర్‌సీ’ వాడితే సరిపోతుందా?

జవాబు: కాపీలు తగ్గుతాయి కానీ సరిపోదు. ఒకే టైపును రెండుచోట్ల విడివిడిగా కడితే ఆర్‌సీ వాటిని కలపలేదు. పోల్చడానికి మళ్లీ లోపలిదాకా నడవాల్సిందే.

మీకు కావాల్సింది ఇంటర్నింగ్. ప్రతి టైపునూ ఒక్కసారే అరీనాలో కట్టి హ్యాష్ టేబుల్‌లో నమోదు చేయండి. మళ్లీ అదే అడిగితే పాత రిఫరెన్సే ఇవ్వండి. లోపలి టైపులు అప్పటికే ఇంటర్న్ అయి ఉంటాయి కనుక హ్యాష్ లెక్క ఒక్క పొరతో ముగుస్తుంది. రస్ట్ సొంత కంపైలర్ పద్ధతి ఇదే. అందులో టైపు అంటే ఒక పాయింటర్, 64 బిట్ యంత్రంలో 8 బైట్లు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నా దృష్టిలో మిగతా లాభమంతా సబ్‌స్టిట్యూషన్‌లో ఉంది. టైపు కట్టేటప్పుడే దాని లోపల జెనరిక్ పారామీటర్లు, ఇన్ఫరెన్స్ వేరియబుల్స్ ఉన్నాయో లేదో ఫ్లాగ్ బిట్లలో రాసిపెట్టండి. సంబంధిత బిట్ లేకపోతే లోపలికి దిగకుండా అదే రిఫరెన్స్ తిరిగివ్వండి. ఆర్గ్యుమెంట్ల జాబితాలో ఏదీ మారనప్పుడు కొత్త జాబితా కట్టనే వద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇంటర్న్ చేసిన టైపును ఎప్పుడూ మార్చకండి, హ్యాష్ చెడిపోతుంది. ఇన్ఫరెన్స్ వేరియబుల్ నంబరునే టైపులో ఉంచి, దాని విలువను విడిగా యూనియన్-ఫైండ్ పట్టికలో పెట్టుకోండి.