పుస్తకం పక్కన పెట్టిన పిల్లలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. ఐదో తరగతి దాకా కథల పుస్తకం దొరికితే అన్నానికి పిలిచినా పలికేది కాదు. మొన్న పుట్టినరోజుకి కొన్న పుస్తకాల కవరు కూడా విప్పలేదు. అంతా ఫోన్ వల్లే అంటారు మా ఆయన. నిజమేనా?
- ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: సగమే నిజమమ్మా. చాలా ఇళ్లలో పుస్తకమే ముందు పోయింది. ఖాళీ అయిన చోట్లో ఫోన్ వచ్చి కూర్చుంది.

మీ చిన్నతనం గుర్తు చేసుకోండి. మొదట చందమామ, బాలమిత్ర. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల షాపులో మధుబాబు షాడో నవలలు, యండమూరి. పెద్దవాళ్లు చెత్త అని తిట్టిన ఆ పుస్తకాలే చాలామందికి చదివే అలవాటు చేశాయి. 1947 జూలైలో మొదలైన చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. అద్దె షాపులూ పోయాయి. బొమ్మల కథలకీ పెద్దల నవలలకీ మధ్య ఉండాల్సిన మెట్టు విరిగిపోయింది. పద్నాలుగేళ్ల పిల్లకి మళ్లీ తెనాలి రామకృష్ణుడి కథలో, లేదంటే వ్యక్తిత్వ వికాసం పుస్తకమో ఇస్తే కవరు విప్పకపోవడంలో తప్పేముంది? (ఆ రెండో రకం పుస్తకాన్ని దయచేసి ఎవరి పుట్టినరోజుకీ ఇవ్వకండి.)

ఇంకో కారణం ఉంది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి తెలుగు చదవడం వచ్చు, కానీ కూడబలుక్కుంటూ ఒక పేజీ పూర్తి చేసేసరికే అలసిపోతారు. వాళ్లకొచ్చిన ఇంగ్లిషేమో పరీక్షకి సరిపోతుంది, నవలలో మునిగిపోవడానికి చాలదు. రెండు భాషల్లోనూ వేగం రాని పిల్లకి చదవడంలో హాయి ఎక్కడ దొరుకుతుంది? 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది కాబట్టి ఇది ప్రైవేటు బడి పిల్లల బాధ మాత్రమే అనుకోవడానికి లేదు.

దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: మీరే చదివి వినిపించండి. ఇంత పెద్ద పిల్లకా అనకండి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', నామిని 'మిట్టూరోడి కథలు' పైకి చదివితే, యాస మనది కాకపోయినా, నవ్వు ఆగదు. మంచి పట్టులో ఉండగా ఆపేసి పుస్తకం అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లండి. జపాను బడి కథ 'రైలుబడి' కూడా ఈ వయసుకి బాగుంటుంది. నచ్చకపోతే మధ్యలో వదిలెయ్యనివ్వండి. ఫ్రెంచి రచయిత డేనియల్ పెనాక్ 1992లో పాఠకుడికి పది హక్కులున్నాయని రాశాడు. వాటిలో మొదటిది, అసలు చదవకుండా ఉండే హక్కు! "ఇందులో నీతేంటి?" అన్న ప్రశ్న మాత్రం వద్దు. అది తెలుగు వాచకం అడుగుతూనే ఉంది కదా.

మీ ఇంట్లోనే ఇలా జరిగిందని బెంగపడకండి. బ్రిటన్‌లో నేషనల్ లిటరసీ ట్రస్ట్ 2024లో 8 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని అడిగితే, ఖాళీ సమయంలో చదవడం ఇష్టమన్నవాళ్లు 34.6 శాతమే. 2005లో ఈ సర్వే మొదలయ్యాక అంతవరకూ అంత తక్కువ ఎప్పుడూ రాలేదు.

ప్రశ్న: ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హాస్టల్లో ఉంటున్నా. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా స్టడీ అవర్సే. ఒక నవల తెచ్చుకుంటే వార్డెన్ గుంజుకున్నారు. ఇప్పుడు ఇంటికొచ్చినా పుస్తకం చూస్తే విసుగొస్తోంది. నాకిక చదివే అలవాటు పోయినట్టేనా సార్?
- విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: పోలేదు బాబూ. పొద్దంతా అక్షరాలతో కుస్తీ పట్టినవాడికి మళ్లీ అక్షరాలు చూడబుద్ధి కాకపోవడం సోమరితనం కాదు, అలసట. ఎంట్రన్సులు అయ్యేదాకా నవలల జోలికి పోకు. అవుటింగ్‌కి వచ్చినప్పుడు పది పేజీల్లో అయిపోయే కథ ఒక్కటి చాలు. దెయ్యాల కథైనా, క్రికెటర్ జీవితమైనా నీ ఇష్టం. ఎన్ని పేజీలు చదివావో లెక్క రాయకు, లెక్కలు నీకు కాలేజీలోనే బోలెడున్నాయి. ఇక వార్డెన్లకు ఒక మాట: పడుకునే ముందు పది నిమిషాలు నవల చదివితే ర్యాంకు పోదు.

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. లైబ్రరీ బీరువా నిండా పుస్తకాలున్నాయి. పెద్ద క్లాసుల పిల్లలు ముట్టరు. ఏం చేయమంటారు?
- ఉపాధ్యాయిని, కోదాడ

జవాబు: ముందు ఆ బీరువా తాళం సంగతి చెప్పండి మేడం. పుస్తకం పోతే లెక్క ఎవరు చెప్పాలన్న భయంతోనే చాలా బడుల్లో బీరువాలు తెరుచుకోవు. రిజిస్టరు పిల్లల చేతికే ఇవ్వండి. పుస్తకాలు బల్ల మీద పరచండి. కొన్ని చిరుగుతాయి, చిరగనివ్వండి. మీ నల్లగొండ ప్రాంతం మనిషే వట్టికోట ఆళ్వారుస్వామి. ఒక ఉపాధ్యాయుడికి వండిపెడుతూ చదువుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకెళ్లి జనానికి అందించారు. ఆయన పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లారు, మనం బీరువాలో పెట్టి పిల్లలు రాలేదంటున్నాం.

కొత్త పుస్తకాలు కావాలంటే, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పిల్లల్ని తీసుకెళ్లండి. కోదాడకి హైదరాబాద్ కన్నా అదే దగ్గర. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. టీనేజీ పిల్లలకు పనికొచ్చే పుస్తకాల జాబితా ఒకటి పిల్లలతోనే రాయించి, వాళ్ల సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపండి. అడగండి, అడిగే హక్కు మనకుంది.