మూగవోయిన పెట్రోలు పంపు

తెలుగు పాఠము చెప్పుకొను మాకు మోటారు యంత్రములతో పనియేమని మిత్రులు నవ్వవచ్చును. పటాన్‌చెరు, సంగారెడ్డి కర్మాగారములకు పోవు విద్యార్థులకు యంత్రదోషమును కనుగొను పద్ధతిని వారి భాషలోనే చెప్పజాలమా అను పట్టుదలతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా సహోద్యోగి ఒకరికి తండ్రిగారి నుండి సంక్రమించిన మోరిస్ మైనర్ కారు కలదు. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన ఈ బండి 1948లో ఇంగ్లండున వెలువడినది. మన దేశమున హిందూస్తాన్ మోటార్సు వారు 1950ల దశకములో దీనినే బేబీ హిందూస్తాన్ అను పేర తయారు చేసిరి. దీని ఎస్.యు. పెట్రోలు పంపు విద్యుత్తుతో నడుచును. నిరుడు మేమిరువురము సంగారెడ్డికి వచ్చుచుండగా పటాన్‌చెరు దాటినంతనే బండి నిలిచిపోయెను. తాళము త్రిప్పినను పంపు పలుకలేదు. దగ్గరి దుకాణము వారు చూచి, పంపు చచ్చినది, క్రొత్తది వేయవలెననిరి. అట్టి పంపు ఈ ప్రాంతమున సులభముగా దొరకునది కాదు.

మా విద్యార్థి ఒకని తండ్రిగారు మెకానిక్కు. కబురు పంపగా వచ్చిరి. ఏమియు విప్పకమునుపే వారన్న మాట మేము మరువలేదు: "సార్, సప్పుడు లేదంటే రెండు తీర్లు. కడుపు నిండినా సప్పుడు చెయ్యదు, పాణం పోయినా చెయ్యదు. ముందు ఏదో సూడాలె."

ఈ మాటలో పంపు పనితీరంతయు ఇమిడియున్నది. విద్యుదయస్కాంతము ఒక పలుచని పొరను లాగును; అపుడు టంకీ నుండి పెట్రోలు లోనికి వచ్చును. పొర కొసవరకు పోగానే పాయింట్లు విడిపోయి కరెంటు ఆగును. పిదప స్ప్రింగు ఆ పొరను నెట్టగా పెట్రోలు కార్బురేటరుకు పోవును, పాయింట్లు మరల కలియును. ఆ 'టక్ టక్' ఇదియే. కార్బురేటరు నిండి సూది ద్వారము మూసికొన్నచో స్ప్రింగు నెట్టజాలదు. పాయింట్లు విడిపోయియే యుండును. అది ఆరోగ్యకరమైన మౌనము.

ఉస్తాద్ తాళము కట్టివేసి, పంపు నుండి కార్బురేటరుకు పోవు గొట్టమును వదులుచేసి, దాని కొసను సీసాలో నుంచి, మరల తాళము త్రిప్పించిరి. అపుడు పంపు కొట్టుకొన్నచో దోషము ముందున్న గొట్టములోనో సూదిలోనో ఉండును. మా పంపు కదలలేదు. టెస్టు బల్బు పెట్టగా పంపు తీగ వద్ద వెలిగినది, అనగా కరెంటు వచ్చుచున్నది. ఎర్తు తీగ బిగువుగనే యున్నది. ఇక మిగిలినవి పాయింట్లు. చిందిన పెట్రోలు తుడిచి, ఆవిరి పోవువరకు ఆగి (పాయింట్ల వద్ద నిప్పురవ్వ పుట్టును గదా!), బ్యాటరీ తీగ విప్పి, నల్లని మూత తీసిరి. పాయింట్లు మసిబారియున్నవి. గట్టి కాగితపు ముక్కను నడుమ నుంచి లాగిరి. బ్యాటరీ తగిలించగానే పంపు పలికినది! పంపును స్పానరు పిడితో తట్టి నడిపించువారు కలరు. ఇల్లు చేరుటకు అది చాలును గాని దోషము పోదు.

పది దినములకు బండి మరల ఆగినది. ఈసారి పంపు గబగబ కొట్టుకొనుచున్నను పెట్రోలు లేదు. టంకీ ఖాళీ కానిచో ఇది గాలి పీల్చుచున్న గుర్తు. ఇంజను ఆగియుండగా పంపు నిదానముగా కొట్టుకొన్నచో లోపలి కవాటమో, సూదియో కారుచుండును. కొట్టుకొనుట నానాటికి మందగించి, టంకీ మూత తీయగానే తేరుకొన్నచో ఆ మూత రంధ్రము పూడినదని ఎరుంగునది.

మా బండికి వెనుకనెవరో టంకీ వైపు గొట్టములో రబ్బరు ముక్క అతికించిరి. అది పగిలియున్నది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు ఇరువది శాతమునకు చేరినది. పాతకాలపు రబ్బరును అది చెరచును. ఇథనాలుకు తగిన గొట్టము వేయించితిమి. ఇప్పుడు తాళము త్రిప్పగానే పంపు కొన్ని మారులు కొట్టుకొని ఊరకుండుచున్నది. మా మిత్రులు మాత్రము ఆ ఊరకుండుటను చెవియొగ్గి విని గాని బయలుదేరరు.